కెమెరా పట్టుకుని మైదానానికి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. స్కౌట్ ట్రూప్ వాళ్ళూ, పిల్లల ఆటల క్లబ్ వాళ్ళూ కలిసి ఈ ఏడాదంతా ఫోటోలు నువ్వే తీయాలని అడిగారట. నువ్వు సరేననేసి, ఆ తర్వాత టెన్షన్ పడుతూ "మావయ్యా, ఏ లెన్స్ కొనమంటావు?" అని నాకు రాశావు. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం చెప్పడం నేను మర్చిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగే. ఓపిగ్గా చదువు.

లెన్స్ సంగతి ముందు తేల్చేస్తాను, లేకపోతే నీ మనసు దాని మీదే ఉంటుంది. ఇప్పుడేమీ కొనకు. కెమెరాతో వచ్చిన దానితోనే మూడు నెలలు తియ్యి. తీసిన ప్రతి ఆట తర్వాతా ఒక కాగితం మీద రెండు గళ్ళు గీసి, దూరం వల్ల పోయిన ఫోటోలెన్ని, వెలుతురు చాలక పోయినవెన్ని అని రాసుకో. దూరం గడి నిండితే 200 మిల్లీమీటర్లో 300 మిల్లీమీటర్లో ఉన్న జూమ్ కావాలి. వెలుతురు గడి నిండితే వెలుతుర్ని బాగా లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 లెన్స్, 50 మిల్లీమీటర్లది గానీ 85ది గానీ చాలు, అది చిన్నదీ తేలికదీ కూడా. నేను మాత్రం ఈ పని చేయకుండా ముందే ఒక బరువైన లెన్స్ కొన్నాను. రెండేళ్ళు మెడనొప్పి తప్ప దానివల్ల ఇంకేమీ రాలేదు.

ఇక ఆటలు. ఆటని ఫోటో తీయాలంటే ముందు ఆట తెలియాలి. నీకు ఫుట్‌బాల్ తెలుసు కాబట్టి అది తేలిగ్గా వస్తుంది. వాలీబాల్ తెలియదు కాబట్టి మొదటి రెండు మ్యాచ్‌లూ కెమెరా సంచిలోనే ఉంచి చూడు. సర్వీస్ ఎవరిది, బంతిని పైకి లేపి ఇచ్చేది ఎవరు, కొట్టేది ఎవరు అన్నది పట్టుబడితే బంతి ఎటు వెళ్తుందో దానికన్నా ముందే నీకు తెలుస్తుంది. కొత్తవాళ్ళందరూ బంతి వెనకాల కెమెరా తిప్పుతూ ఉంటారు. అలా తిప్పేవాళ్ళకి ఎప్పుడూ అయిపోయిన సంగతే దొరుకుతుంది. బంతి చేరబోయే మనిషి మీద ఫోకస్ పెట్టి ఆగు. బంతే వస్తుంది.

ఎక్కడ నిలబడాలన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఫుట్‌బాల్లో గోల్ గీత వెనక, గోల్ పోస్టుకీ కార్నర్ జెండాకీ మధ్యలో కూర్చో. దాడి చేసేవాళ్ళ ముఖాలన్నీ నీ వైపే ఉంటాయి. మధ్య గీత దగ్గర నిలబడితే ఆట బాగా కనిపిస్తుంది కానీ ఫోటోల్లో చెవులూ చెంపలూ తప్ప ఏమీ ఉండవు. లాంగ్ జంప్‌కి ఇసుక గుంటకి ఆ చివర, బాగా దూరంగా, నేలకి ఆనుకుని కూర్చో. హై జంప్‌లో పిల్లలు ఎలా దూకుతారో ముందు కనుక్కో. కత్తెరలా కాళ్ళు వేసి దూకే పిల్లని ముందు నుంచీ పక్క నుంచీ తీయొచ్చు. వీపు కిందకి పెట్టి దూకే పద్ధతి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫోస్బరీ బంగారు పతకం గెలిచాక లోకమంతా పాకింది. అలా దూకేవాళ్ళ ముఖం ఆకాశం వైపు ఉంటుంది, కాబట్టి పరుపు పక్కన కోణం వెతుక్కోవాలి. రిలేలో గెలుపు గీత దగ్గర గుంపుగా నిలబడ్డ వాళ్ళని చూసి నువ్వూ అక్కడికి వెళ్ళకు. బ్యాటన్ చేతులు మారే చోట నిలబడు. తీసుకునే పిల్ల వెనక్కి చూడకుండా చెయ్యి చాచి పరిగెడుతుంది, ఇచ్చే పిల్ల దాని అరచేతినే చూస్తూ వస్తుంది. రిలేలో ఉన్న భయమంతా ఆ కాస్త దూరంలోనే ఉంటుంది.

ఏ ఆటకైనా పిల్లల కళ్ళ ఎత్తుకి దిగు. నిలబడి తీస్తే అందరూ పొట్టిగా, నేలకి అతుక్కుపోయినట్టు ఉంటారు. మోకాళ్ళు నొప్పి పుడతాయి, నాకు తెలుసు. చిన్న మడత స్టూల్ ఒకటి పెట్టుకో. కూర్చునే ముందు వెనకాల ఏముందో చూసుకో. ఆగివున్న వాహనాలు, చెత్తడబ్బా, ఎవరిదో ఎర్ర గొడుగు, ఇవన్నీ ఆటగాడి నెత్తి మీద మొలిచినట్టు కనిపిస్తాయి. నువ్వు రెండడుగులు పక్కకి జరిగితే అవన్నీ పోతాయి.

సెట్టింగుల గురించి నీకు ఇంటర్నెట్ నిండా దొరుకుతుంది, కాబట్టి నేను నా అంకెలు మాత్రం చెప్తాను. ఎండలో ఫుట్‌బాల్‌కి షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు కన్నా తగ్గించను. చిన్నపిల్లల పరుగుకి 1/500 సరిపోతుంది. బ్యాడ్మింటన్ రాకెట్ విసురుకి 1/2000 కూడా ఒక్కోసారి చాలదు. ఫోకస్ కదిలేవాటిని వెంబడించే పద్ధతిలో ఉంచు. సాయంత్రం వెలుతురు తగ్గుతుంటే ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, పెంచడానికి భయపడకు. గింజలు గింజలుగా వచ్చిన ఫోటోని ఎవరైనా దాచుకుంటారు, ముఖం అలుక్కుపోయిన ఫోటోని ఎవరూ దాచుకోరు. ఇంకో చిన్న కిటుకు ఉంది. పైకి ఎగిరిన మనిషి కిందకి దిగే ముందు ఒక్క క్షణం గాల్లో దాదాపు ఆగుతాడు. ఆ పైకొసన నొక్కితే తక్కువ షట్టర్‌తో కూడా స్పష్టంగా వస్తాడు. వెలుతురు లేని హాల్లో నన్ను చాలాసార్లు గట్టెక్కించింది ఇదే.

హాలు అంటే గుర్తొచ్చింది. ఒకసారి లోపలి ఆటల పోటీలో వరసగా తీసిన ఫోటోల్లో ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా, ఒకటి మామూలుగా వచ్చింది. కెమెరా పాడైందనుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు. తప్పు దీపాలది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట చాలా దీపాలు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి. మన కంటికి తెలియదు, 1/1000లో నొక్కే కెమెరాకి తెలుస్తుంది. నీ కెమెరా మెనూలో ఫ్లికర్ తగ్గించే ఆప్షన్ ఉందేమో చూడు. లేకపోతే పది నొక్కి మూడు ఉంచుకోవడమే. ఫ్లాష్ మాత్రం వాడకు. ఎదురుగా ఫ్లాష్ వెలిగితే బంతి కోసం చూసే కళ్ళు చెదురుతాయి. ఆట చెడితే అందరూ నిన్నే చూస్తారు.

నీకు గుర్రాల కథ చెప్పానో లేదో గుర్తులేదు. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదుల్తుందా అని పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద వాదం నడిచింది. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో పరుగు బాట వెంబడి 12 కెమెరాలు వరసగా పెట్టి తీశాడు. వదుల్తుందని తేలింది. నాకు నచ్చేది ఆ తర్వాతి సంగతి. అప్పటిదాకా చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకీ, వెనక్కాళ్ళు వెనక్కీ చాచి గాల్లో తేలుతున్న గుర్రాన్ని వేసేవాళ్ళు. నిజానికి గుర్రం గాల్లో ఉండేది కాళ్ళన్నీ పొట్ట కిందకి ముడుచుకున్నప్పుడు. అన్నేళ్ళు అంతమంది చూస్తూనే, చూడనిదాన్ని గీశారు. మనమూ అంతే. గోల్ పడిందంటే కొట్టినవాడి మీదకే కెమెరా పోతుంది, ఎందుకంటే ఆట ఫోటో అంటే అదే అని ముందే మనసులో గీసుకుని ఉంటాం. ఆ క్షణంలో గోల్‌కీపర్ వైపు తిప్పి చూడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ వైపు తిప్పు. పరుగుపందెంలో గీత దాటిన తర్వాతి పది అడుగుల్లో ముఖం ఎలా మారుతుందో చూడు. గీత మీద అందరిదీ ఒకటే ముఖం. దాటాక ఎవరిది వాళ్ళకి వస్తుంది.

ఇప్పుడు నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. ఈ ఉత్తరం నిజానికి దీని కోసమే మొదలుపెట్టాను.

నేను ఒక స్కౌట్ ట్రూప్‌కి వరసగా ఆరేళ్ళు ఫోటోలు తీశాను. క్యాంపులు, ఎక్కే కొండలు, పోటీలు, చెట్లు నాటడాలు, అన్నీ. వేల ఫోటోలు. బాగున్నాయని అందరూ అనేవాళ్ళు, నేనూ అనుకునేవాణ్ణి. ఒకరోజు ఒక పిల్లవాడి తల్లి వచ్చింది. వాళ్ళు వేరే ఊరికి వెళ్ళిపోతున్నారు. అబ్బాయి ఈ ట్రూప్‌లో నాలుగేళ్ళు ఉన్నాడు కాబట్టి వాడి ఫోటోలు ఒక ఆల్బమ్ చేసి ఇస్తే బాగుంటుందండీ అని అడిగింది. తప్పకుండా అన్నాను. ఆ రాత్రి కూర్చుని వెతికాను. మర్నాడు రాత్రి కూడా వెతికాను. వాడు మూడు ఫోటోల్లో దొరికాడు. ఒకదాంట్లో వీపు. ఒకదాంట్లో టెంటు తాడు పట్టుకున్న చెయ్యి, సగం చెవి. మూడోది గ్రూప్ ఫోటో, దాంట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

వాడు నాకు బాగా తెలుసు అమ్మలూ. తెలియని పిల్లవాడు కాదు. నా ట్రైపాడ్ మోసినవాడే వాడు. ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూ, తాడు పట్టుకుంటూ, నీళ్ళు తెస్తూ ఉండేవాడు. ఎగరడు, అరవడు, కెమెరా ముందుకి రాడు. నేను ఎగిరేవాళ్ళ వెంట పడ్డాను. ఆవిడకి ఆ మూడూ ప్రింట్ వేసి ఇచ్చాను. ఆవిడ చూసి, "పర్వాలేదండీ, బిజీగా ఉంటారు కదా" అంది. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచీ నా కెమెరా సంచిలో పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది. నువ్వూ అదే చెయ్యి. మొదటి రోజే లీడర్‌ని అడిగి జట్టులో, ట్రూప్‌లో ఉన్న అందరి పేర్లూ రాసుకో. ప్రతి క్యాంపు, ప్రతి మ్యాచ్ అయ్యాక ఎవరి ముఖం స్పష్టంగా వచ్చిందో వాళ్ళ పేరు పక్కన ఒక గీత పెట్టు. రెండు నెలలయ్యేసరికి కొన్ని పేర్ల పక్కన ఇరవై గీతలుంటాయి, కొన్నిటి పక్కన ఒక్కటీ ఉండదు. ఆ తర్వాతి వారం సున్నా ఉన్నవాళ్ళ కోసమే వెళ్ళు. వాళ్ళని పిలిచి నిలబెట్టి నవ్వమనకు. వాళ్ళు పని చేసే చోటుకి నువ్వు వెళ్ళు. అలాంటి పిల్లలు చేతులతో ఏదో చేస్తున్నప్పుడు బాగుంటారు. ముడి వేస్తున్నప్పుడు, పుల్లలు విరుస్తున్నప్పుడు, మ్యాప్ మీదకి వంగినప్పుడు.

స్కౌట్ల గురించి నీకు పెద్దగా తెలియదన్నావు. కొంచెం చెప్తాను, నీ పనికి వచ్చేంత వరకే. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఓ ఇరవై మంది అబ్బాయిలతో మొదటి క్యాంపు పెట్టాడు. కలవారి పిల్లల్నీ కూలీనాలీ చేసుకునేవాళ్ళ పిల్లల్నీ కలిపి నాలుగు పెట్రోళ్ళుగా, అంటే చిన్న జట్లుగా, చేశాడు. తోడేళ్ళు, ఎద్దులు, కర్లూ పిట్టలు, బొంతకాకులు అని పేర్లు. ఎవరు ఏ పెట్రోలో తెలియడానికి భుజానికి ఒక్కో రంగు గుర్తు. (పెట్రోల్ అనగానే బంకు గుర్తొస్తే తప్పు నీది కాదు, మొదట్లో నాకూ అదే గుర్తొచ్చేది.) ఇప్పటికీ ట్రూప్ పెట్రోళ్ళుగానే నడుస్తుంది, ఒక్కోదానికి ఆరేడుగురు, ఒక లీడరు. నువ్వు కూడా పెట్రోళ్ళవారీగా తియ్యి. ఒక్కో పెట్రోల్‌తో గంట కూర్చో, మొదలు పెట్టేముందు వాళ్ళ జెండా ఒక ఫోటో తీసుకో. తర్వాత కంప్యూటర్లో చూసినప్పుడు ఆ జెండా ఫోటో దగ్గర నుంచి ఇంకో జెండా వచ్చేదాకా ఏ పిల్లలో తేలిపోతుంది.

1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల పెద్ద ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు స్కౌట్ బట్టలు వేసుకుని వచ్చేశారు. మేమూ స్కౌట్లమే అన్నారు. మరుసటి ఏడాది ఆడపిల్లల కోసం గైడ్స్ మొదలైంది. ఏ పెద్ద సభకి వెళ్ళినా నాకు ఆ పిల్లలు గుర్తొస్తారు. వేదిక మీద ఉన్నవాళ్ళని తీయడానికి పదిమంది ఉంటారు. నువ్వు ఒక్కసారి వెనక వరసకి నడిచి వెళ్ళు.

స్కౌట్లు ఆడే ఆటల్లో కిమ్స్ గేమ్ అని ఒకటి ఉంది. పళ్ళెంలో ఓ ఇరవై పాతిక వస్తువులు పెట్టి, ఒక్క నిమిషం చూపించి, బట్ట కప్పేస్తారు. గుర్తున్నవి రాయాలి. నువ్వు వాళ్ళతో కూర్చుని ఆడు. మొదటిసారి నాకు పదకొండు వచ్చాయి, పక్కనున్న పదేళ్ళ పిల్లకి పంతొమ్మిది. కెమెరా పట్టుకున్నవాడికి చూపు ఎక్కువనే అహం ఆ రోజుతో పోయింది. ఆడటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. పిల్లలు నిన్ను ఫోటోగ్రాఫర్‌గా చూడటం మానేస్తారు, అప్పుడు నీ కెమెరా కనిపించగానే వేళ్ళు పైకెత్తి పళ్ళికిలించడం కూడా మానేస్తారు.

కొన్ని విషయాల్లో మాత్రం నా మాట దాటకు. తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద ఉండాలి, అది లీడర్ల దగ్గర ఉండాలి. వద్దన్నవాళ్ళ పిల్లలు ఎవరో ముందే తెలుసుకో, ఎందుకు వద్దన్నారో అడగకు. బట్టలు మార్చుకునే చోటుకీ, స్నానాల వైపుకీ కెమెరా వెళ్ళకూడదు. ఏడుస్తున్న పిల్లనీ, దెబ్బ తగిలిన పిల్లవాణ్ణీ తీయకు. నువ్వు దగ్గరగా ఉంటే కెమెరా పక్కన పెట్టి ముందు సాయం చెయ్యి. ఏ పిల్లతోనూ ఒంటరిగా పక్కకి వెళ్ళకు, ఇంకో పెద్దమనిషి కనుచూపు మేరలో ఉండాలి. పిల్లలకి నేరుగా ఫోటోలు పంపకు, లీడర్ల ద్వారానో తల్లిదండ్రుల ద్వారానో ఇవ్వు. ఫోన్‌తో తీస్తే ఏ చోట తీశామో ఆ వివరం ఫోటోలోనే దాక్కుని ఉంటుంది, బయటికి పంపే ముందు అది తీసెయ్యి. అందరికీ కనిపించే చోట పెట్టే ఫోటో కింద పిల్లల పూర్తి పేరు రాయకు. పేర్లు నీ పట్టికలో ఉంటే చాలు.

గ్రూప్ ఫోటో గురించి ఒక్క ముక్క, నా పాపం కొంత దాంట్లోనే ఉంది కనుక. అందర్నీ కళ్ళు మూసుకోమను, మూడు లెక్కపెట్టగానే తెరవమను, తెరిచిన వెంటనే నొక్కు. అయినా ఒక్కసారితో వదలకు, ఎనిమిది పది నొక్కు. ఎండకి ఎదురుగా నిలబెడితే అందరూ కళ్ళు చిట్లిస్తారు, నీడలోకి తీసుకెళ్ళు.

కాలాల మాటకొస్తే, ఎండాకాలంలో మధ్యాహ్నం మ్యాచ్ అంటే నాకు ఇప్పటికీ విసుగే. సూర్యుడు నడినెత్తిన ఉంటే కళ్ళు గుంటల్లా నల్లబడతాయి, టోపీ ఉంటే ఇంక ముఖమే ఉండదు. లేత రంగు నేల ఉంటే అది కాస్త వెలుగు పైకి కొడుతుంది, అలాంటి చోటు వెతుక్కో. వీపు వైపు ఎండ పడేలా తీసి, ముఖం కోసం ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కొంచెం పెంచినా బాగుంటుంది. ఇంకోటి, పొడవు లెన్స్‌తో మైదానం ఆ చివర ఉన్నవాళ్ళని తీస్తే ఎంత ఫోకస్ చేసినా మసకగా వస్తుంటే లెన్స్‌ని అనుమానించకు. కాగిన నేల మీద నుంచి లేచే వేడిగాలి వెలుతుర్ని వంకర్లు తిప్పుతుంది. ఎన్ని డబ్బులు పోసినా ఏ లెన్సూ దాన్ని సరిచేయలేదు. దగ్గరికి వెళ్ళు, లేదా పొద్దున్నే వెళ్ళు.

వానాకాలం నాకిష్టం. బురదలో ఫుట్‌బాల్ అంత అందమైన ఆట లేదు. నీళ్ళు నిలిచిన చోట కెమెరాని నేలకి తాకేంత దించితే ఆటగాడూ, వాడి నీడా ఇద్దరూ దొరుకుతారు. కెమెరాకి ఒక మామూలు ప్లాస్టిక్ కవరు, లెన్స్ మూతికి రబ్బరు బ్యాండు చాలు. ఏసీ గదిలోంచి నేరుగా తడిగాలిలోకి వస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, కాబట్టి సంచి జిప్ తీయకుండా ఓ అరగంట బయటే ఉంచు. వాడకం అయ్యాక తడి తుడిచి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచు. తడి సంచిలో వారం మర్చిపోయావంటే గాజు లోపల సాలెగూడులా బూజు పడుతుంది, నా పాత లెన్స్ ఒకటి అలాగే పోయింది. ఉరుముల విషయంలో ధైర్యం చూపించకు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో సుమారుగా తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉరిమిందంటే మైదానం వదిలి లోపలికి వెళ్ళిపో, ఆఖరి ఉరుము వినపడ్డాక ఇంకో ముప్పై నిమిషాలు ఆగు. చెట్టు కింద నిలబడకు. పిల్లల్ని రమ్మని పిలిచే పని కూడా నీదే. అప్పుడు నువ్వు ఫోటోగ్రాఫర్‌వి కావు, అక్కడున్న పెద్దదానివి.

చలికాలం పొగమంచులో కెమెరా మోసపోతుంది. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని అదంతా బూడిద రంగులోకి లాగేస్తుంది. ఎక్స్‌పోజర్ సర్దుబాటు ప్లస్ ఒకటి పెట్టు, మంచు మళ్ళీ తెల్లబడుతుంది. బ్యాటరీలు చలికి తొందరగా నీరసపడతాయి. రెండోదాన్ని చొక్కా లోపలి జేబులో ఉంచుకో. క్యాంపులో చలిమంట తీసేటప్పుడు వైట్ బ్యాలన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచకు. మంట రంగుని తప్పుగా భావించి కెమెరా దాన్ని చల్లార్చేస్తుంది. పగటి వెలుతురు గుర్తు మీద పెట్టు, ముఖాలు మనం చూసిన రంగులోనే వస్తాయి. మంటని కాకుండా మంట చూస్తున్న ముఖాలకి ఎక్స్‌పోజర్ చూసుకో. పాటలప్పుడు అందరూ లేచి ఊగుతుంటారు, ఏదీ నిలవదు. పాటలు అయిపోయి, నిప్పులు మాత్రం మిగిలి, నలుగురైదుగురు నిద్రకి వెళ్ళకుండా కూర్చుంటారు చూడు, అప్పటిదాకా మేలుకో.

డిసెంబర్ 13, 14 రాత్రుల్లో క్యాంపు పడితే అదృష్టం, జెమినిడ్ ఉల్కలు రాలేది అప్పుడే. ట్రైపాడ్ మీద వెడల్పు లెన్స్ పెట్టు. 500ని లెన్స్ మిల్లీమీటర్లతో భాగిస్తే నక్షత్రాలు గీతలు పడకుండా ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో వస్తుంది. 20 మిల్లీమీటర్లకి 25 సెకన్లు. సెన్సర్ చిన్నదైన కెమెరా కాబట్టి నువ్వు ఇంకా తగ్గించుకో, 15 దగ్గర మొదలుపెట్టు. ఒక చివర టెంటు పెట్టి, లోపల టార్చి ఒక్క సెకను వెలిగించమను. చంద్రుడు నిండుగా ఉన్న రాత్రయితే ఇదంతా వదిలేసి పిల్లలతో కబుర్లు చెప్పు.

ఇంటికొచ్చాక పని అయిపోలేదు. అదే రాత్రి కాకపోయినా మర్నాడు లోపల ఏ ఫోటోలో ఎవరో రాసెయ్యి. వారం ఆగితే నీకు ముఖాలు గుర్తుంటాయి, పేర్లు పోతాయి. ఏడాది ఆగితే రెండూ పోతాయి. నా దగ్గర మూడు పెట్టెల ఫోటోలున్నాయి, ఆ పిల్లలెవరో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి విడిగా డిస్క్‌లో, ఒకటి వేరే ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఉండాలి. నా హార్డ్ డిస్క్ ఒకటి చనిపోయినప్పుడు రెండేళ్ళ మ్యాచ్‌లు దాంతోపాటు పోయాయి. అందులో ఒక జట్టు మొదటిసారి గెలిచిన రోజు ఉంది. ఇప్పటికీ వాళ్ళలో ఒకడు కనిపిస్తే నేను రోడ్డు దాటేస్తాను.

ఏరేటప్పుడు నీకు నచ్చినవి ఒక ఫోల్డర్లో, వాళ్ళకి కావలసినవి ఇంకో ఫోల్డర్లో వెయ్యి. రెండూ ఒకటి కావు. నీడలు, గీతలు, ఆకాశం ఉన్నవి నీకు నచ్చుతాయి. వాళ్ళకి వాళ్ళ స్నేహితుడితో భుజం మీద చెయ్యి వేసుకున్నది కావాలి. రెండోది ముందు ఇవ్వు. ఓడిన జట్టుకి కూడా పంపు, అవతలి జట్టుకి కూడా పంపు. వాళ్ళకి ఫోటోలు తీసేవాళ్ళు ఎవరూ లేకపోవచ్చు. వెక్కిరింపుగా ఉన్నవి, పడిపోయినప్పటివి, నోరు వంకరపోయినవి తీసెయ్యి. నవ్వొచ్చినా సరే.

రెండో శనివారం మీ మొదటి క్యాంపు అన్నావు కదా. అంతకుముందే ఒకసారి ఇంటికి రా. అలమారలో కింద అరలో నా పాత 85 లెన్స్ ఉంది, తీసుకెళ్ళు. వాడే ముందు వెనక నుంచి టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడాలి, ఈ మధ్య నేను తెరవలేదు. పేర్ల పట్టిక కూడా తీసుకురా, గళ్ళు ఎలా గీసుకోవాలో చూపిస్తాను. వచ్చేటప్పుడు మీ అమ్మకి చెప్పి రా, లేకపోతే నన్ను తిడుతుంది.

మీ మావయ్య